బంగారము పుట్టినింట ఒకనాడు



గత మాసమున ఈ పుటలలో చలికాలమున పసిపిల్లలకు నూనె పట్టించి నీళ్లు పోయు విధమును గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున ఇంటి గడప దాటి, ఒక్క దినములో పోయిరాదగిన ప్రయాణమును గూర్చి చెప్పదలచితిని. ఇది తీర్థయాత్ర కాదు. వినోదయాత్ర యనియు పూర్తిగా చెప్పజాలను. మా యింట పుట్టిన ఒక చిన్న వివాదము మమ్ము ఈ ప్రయాణమునకు బయలుదేరదీసినది. కనుక ముందు ఆ సంగతియే చెప్పవలెను.

మా పెద్దమ్మాయికి వివాహము నిశ్చయమైనది. మాఘమాసమున ముహూర్తము. పెండ్లివారు మంచివారు, ఇంత పెట్టవలెనని నోరు తెరచి అడుగలేదు. వారు అడుగకపోవుటయే నాకు చిక్కు తెచ్చినది. అడిగినవారికి ఒక లెక్క యుండును. అడుగనివారికి ఎంత పెట్టిన చాలునో ఎవరు చెప్పగలరు? మా యింట 15 కాసుల బంగారమున్నది. మరి 10 కాసులైన చేర్చనిదే నలుగురిలో తలయెత్తుకొనలేమని నేను పట్టుబట్టితిని. అందులకు ఇల్లు తాకట్టుపెట్టి అప్పు తీయవలసియుండెను. మా వారు ఔననలేదు, కాదనలేదు. అమ్మాయి మాత్రము "నాకొద్దమ్మా" యని రెండుమారులు చెప్పి ఊరకుండెను. పెండ్లికూతురు అట్లే అనునని నేను దానిని లెక్కసేయలేదు.

మా అత్తగారికి 78 ఏండ్లు. ఆమె ఈ వాదములో చేరలేదు. ఒకనాటి రాత్రి భోజనములైన పిదప తమలపాకునకు సున్నము రాచుచు, "బంగారం కొనే ముందర నన్నొకసారి కోలారు గనులకాడికి తీసుకోని పోమ్మా. నేను పుట్టిన చోటు చూసి అరవైయేండ్లు దాటింది" అనిరి. అంతకు మించి ఒక్కమాటయైన అనలేదు.

ఆమె గనుల ఊరిలో పుట్టినదని మాకు తెలియును. ఆమె తండ్రి అక్కడ పనిచేసెననియు తెలియును. కాని ఆ కాలమును గూర్చి ఆమె ఎన్నడును చెప్పినది లేదు. మేమును అడిగినది లేదు. పెద్దల మౌనమును మనము తృప్తి యనుకొందుము. అది నా తప్పని తరువాత తెలిసినది.

కార్తికమున ఒక శనివారము పులిహోర, పెరుగన్నము, మంచినీటి సీసాలు సర్దుకొని, కుప్పములో తెల్లవారుజాముననే రైలెక్కితిమి. నేను, మా వారు, అత్తగారు, పెద్దమ్మాయి, కళాశాలలో చదువుచున్న చిన్నవాడు, వెరసి ఐదుగురము. బంగారపేటలో దిగి, అక్కడనుండి మారికుప్పమునకు పోవు కొమ్మదారి బండి యెక్కవలెను. ఈ కొమ్మదారి గనుల కొరకై 19వ శతాబ్దపు తుదిని వేసినదే.

బంగారపేట ప్లాటుఫారముపై ఒక వింత చూచితిమి. మేము పోవలసిన దిక్కునుండి వచ్చిన బండి జనముతో క్రిక్కిరిసియున్నది. అందరును గనుల ఊరివారే. టిఫిను డబ్బాలు చేతబట్టుకొని బెంగుళూరునకు పనికి పోవుచున్నారు. వారిలో సగము మంది ఆడువారు. కొందరు నిలుచుండియే తల దువ్వుకొనుచున్నారు. సుమారు 100 కిలోమీటర్ల దూరము పోయి, పనిచేసి, రాత్రికి ఇల్లు చేరుదురట. "మా కాలంలో వేరే ఊళ్లవాళ్లు పనికోసం ఇక్కడికి వచ్చేవాళ్లు" అని అత్తగారు మెల్లగా అనిరి.

ఆ గనుల కథను కొంచెము చెప్పెదను. 1802లో జాన్ వారెన్ అను సైనికోద్యోగి మైసూరు రాజ్యపు సరిహద్దులను కొలుచుచు ఈ ప్రాంతమునకు వచ్చెను. ఇక్కడి మట్టిలో బంగారమున్నదని విని, గ్రామస్థులచే మట్టి కడిగించి చూచెను. మారికుప్పము దగ్గర మగవారు గోతులలోనుండి రాళ్లను బుట్టలతో పైకందింపగా, ఆడువారు వానిని బండపై పొడిగా దంచి, నీటిలో కడిగి, అడుగున మిగిలిన రేణువులను ఏరుచుండిరట. మనము బియ్యము గాలించుకొనునట్లే వారు బంగారమును గాలించుకొనిరి. 1871లో లావెల్ అను విశ్రాంత సైనికుడు వారెను వ్రాతను చదివి, ఈ చోటు వెదకికొని వచ్చెను. తరువాత గనులు త్రవ్వుటకు అనుమతి పొందెను. 1880లో జాన్ టేలర్ సంస్థవారు పని చేతికెత్తుకొన్న పిదప గనులు లోతుగా సాగినవి. 1902లో కావేరిపై శివనసముద్రము వద్ద పుట్టించిన విద్యుత్తు సుమారు 148 కిలోమీటర్లు తీగలమీద వచ్చి ఈ గనులకు చేరినది. బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగినది 1905లో. అనగా రాజధానికంటె ముందు గనులకే ఆ వెలుగు దక్కినది. 1956లో మైసూరు ప్రభుత్వమును, 1962లో కేంద్రప్రభుత్వమును గనులను తమ అధీనము చేసికొనెను. 2001వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన అవి మూతపడినవి. సుమారు 120 ఏండ్లలో 800 టన్నులకు పైగా బంగారము ఇక్కడ వెలికివచ్చెను.

బండి కోరమండలు, ఊరుగాము స్టేషనులు దాటుచుండగా కిటికీనుండి తెల్లని బూడిదవన్నె కొండలు కనబడినవి. పైభాగము చదునుగా, ప్రక్కలు వాననీటికి కోసుకొనిపోయి, చెట్టుచేమ లేక యున్నవి. చిన్నవాడు "ఎంత బాగున్నాయో!" యని ఫొటోలు తీయబోయెను. అత్తగారు, "అవి కొండలు కావు నాయనా, గనిలోనుంచి వచ్చిన మట్టి" అనిరి.

నిజమే. రాతిని పైకి తెచ్చి, మరలలో పిండివలె దంచి, పాదరసము పూసిన రాగిరేకులమీద పారించి కొంత బంగారమును పట్టుకొందురు. మిగిలిన దానిని సైనైడు కలిపిన నీటిలో కరగించి, జింకుతో మరల విడదీయుదురు. సైనైడు ఎంతటి విషమో మీకు తెలిసినదే. బంగారము పోగా మిగిలిన పిండియే ఈ దిబ్బలు. ఇట్టి పిండి ఇక్కడ 3 కోట్ల టన్నులకు పైగా పోగుపడియున్నది. గాలి వీచినపుడు ఆ పొడి లేచి ఇండ్లలోను, వంటపాత్రలలోను, పసిపిల్లల ఊపిరిలోను చేరును. సినిమాలవారికి అవి అందముగా కనబడునట. ఆ నీడను కాపురముండు ఇల్లాలికి మాత్రము అవి ఎంత తుడిచినను తరుగని దుమ్ము.

ఛాంపియన్ రీఫ్స్‌లో దిగి ఆటో మాటలాడుకొంటిమి. ఆటోవాడు మాతో తెలుగున, ఎదురైనవానితో తమిళమున, పోలీసుతో కన్నడమున మాటలాడెను. ఈ ఊరిలో అట్లే మూడు నాలుగు భాషలు కలసియుండును. పూర్వము ఉత్తర ఆర్కాటు, సేలము జిల్లాలనుండి తమిళులును, మా చిత్తూరు ప్రాంతమునుండి తెలుగువారును ఇక్కడికి పనికి వచ్చిరి. పొలము లేనివారు, కరవున చితికినవారు, అంటరానితనముచే అణగద్రొక్కబడినవారు వారిలో పెక్కురు. ఊరిలో కులము అడుగని నీటిచుక్క దొరకనివారికి గని ఒక కూలియు, ఒక గదియు చూపినది. అందుకే ప్రాణభయమున్నను వచ్చిరి.

దారిలో గనిబావులపై నిలిచిన ఇనుపగోపురములను చూచితిమి. వాని శిఖరముననున్న పెద్ద చక్రములపై ఉక్కుత్రాళ్లు తిరుగగా, పంజరము వంటి పెట్టెలో మనుష్యులను క్రిందికి దింపెడివారు. ఇప్పుడు చక్రములు కదలవు, చుట్టును కంచె. లోనికి పోనీయరు. కొన్ని గనిబావులు 3 కిలోమీటర్లకు మించిన లోతుగలవి. మా వారు ఆ మాట చెప్పగా పెద్దమ్మాయి, "బాగా క్రిందికి పోతే చల్లగా ఉంటుందా నాన్నా?" అని అడిగెను. "చల్లగానా! పాతాళమున రాయియే 60 డిగ్రీలు దాటి కాలుచుండును. పైనుండి చల్లగాలిని యంత్రములతో పంపిననే గాని మనిషి నిలువలేడు" అని మా వారు చెప్పిరి. చిన్నవాడు భౌతికశాస్త్రము చదువుచున్నాడు. అంత లోతున ఇతర కిరణములు చొరలేవు గనుక, న్యూట్రినో అను అతిసూక్ష్మ కణముల జాడను 1965లో శాస్త్రజ్ఞులు ఇక్కడి గనిలోనే పట్టుకొనిరని వాడు ఉత్సాహముతో వివరించెను. అత్తగారు శ్రద్ధగా విని, "కనబడనివి చాలానే ఉన్నాయి నాయనా కింద" అనిరి.

తరువాత ఆమె మమ్ము కూలిలైనులలోనికి తీసికొనిపోయిరి. ఒకే గోడకు ఆనుకొని వరుసగా కట్టిన చిన్న చిన్న ఇండ్లు. కొన్నింటికి రంగులు వేసికొని, ముంగిట ముగ్గులు పెట్టి చక్కగా ఉంచుకొన్నారు, కొన్ని కూలియున్నవి. అత్తగారు కళ్లకు చేయి అడ్డుపెట్టుకొని, అడుగులు లెక్కించుకొనుచున్నట్లు నడచిరి. ఒక వేపచెట్టువద్ద నిలిచి, ప్రక్కనున్న మొండిగోడను చూపి, "ఇదే" అనిరి. పైకప్పు లేదు. లోపల ముళ్లచెట్టు మొలచియున్నది. గోడలో దీపపు గూడు మాత్రము చెక్కు చెదరలేదు. దానికి అంటుకొనిన మసిని ఆమె వ్రేలితో తుడిచి చూచుకొనిరి.

ఎదురింటి వృద్ధురాలు బయటకు వచ్చి మమ్ము చూచి, తెలుగువారమని గ్రహించి, "లోపలికి రాండమ్మా, ఎండలో ఎందుకు" అని పిలిచెను. చాప పరచి, చెంబుతో నీళ్లిచ్చెను. అత్తగారు తన తండ్రి పేరు చెప్పగా ఆమెకు గురుతు రాలేదు; ఆమె ఈ లైనునకు కోడలై వచ్చునప్పటికే వీరు వెడలిపోయియుండిరి. అయినను ఇరువురును చేతులు పట్టుకొని కూర్చుండిరి. అప్పుడు మా అత్తగారు నేను కోడలినై వచ్చిన ఇన్నేండ్లలో చెప్పని మాటలు చెప్పిరి.

"రాత్రిపూట భూమి అదిరేదమ్మా. కింద రాయి పగిలితే ఇంట్లో గిన్నెలు గూట్లోనుంచి దొర్లి పడేవి. ఆ చప్పుడుకు లైన్లో ఆడవాళ్లంతా లేచి గుమ్మాల్లో నిలబడేవాళ్లు. ఎవరూ మాట్లాడరు. ఆ షిఫ్టులో ఎవరి మగవాడు ఉన్నాడో అందరికీ తెలుసు. కూత వినబడేదాకా అట్లే నిలబడేవాళ్లు. మా అమ్మ మాత్రం పొయ్యి రాజేసేది. వస్తే వేడినీళ్లు కావాలి గదా, అనేది."

ఎదురింటి ఆమె తల ఊపుచు, "మేమూ అట్లే అత్తా" అనెను. వయస్సులో ఇంచుమించు సమానురాలైనను ఆమె నోట ఆ పిలుపు ఎంతో సహజముగా వచ్చినది.

అత్తగారు మరల చెప్పిరి: "మా నాయన ముప్పైయేండ్లు కిందికి దిగినాడు. రాతిదుమ్ము రొమ్ములో చేరింది. దగ్గు పట్టుకొనింది. మందులకని మా అమ్మ తాళిబొట్లు రెండూ తీసి తాకట్టు పెట్టింది. పసుపుకొమ్ము కట్టుకొనింది. నాయన పోయేదాకా విడిపించుకోలేదు. పోయినాక విడిపించుకొనే పనే లేదు. బంగారం తవ్విన మనిషి పెండ్లానికి మెడలో పసుపుకొమ్మేనమ్మా."

ఎవ్వరును మాటలాడలేదు. ఆమె నావైపు చూచి, కోపము లేని గొంతుతో, "బంగారం చెడ్డదని నేను అనను. ఆడదానికి ఆపదలో అదే అక్కర. కానీ తాకట్టు పెట్టి తెచ్చేది ఆపదకు కాదు గదా. తాకట్టు పెట్టిన వస్తువు మళ్లీ ఇంటికి రావడం నేను చూడలేదు. అది చెప్పడానికే పిలుచుకొచ్చినాను" అనిరి.

నాకు చెప్పరాని సిగ్గు కలిగినది. ఆమె నన్ను నలుగురిలో గద్దింపలేదు, ఇంటిలో వాదింపలేదు. 78 ఏండ్ల వయసున, మోకాళ్ల నొప్పితో, రెండు రైళ్లెక్కి తన పుట్టింటి మొండిగోడవరకు వచ్చి, ఆ మాట చెప్పిరి.

బయటకు వచ్చిన పిదప చిన్నవాడు కాగితముపై ఒక లెక్క వేసి చూపెను. తొలి దశాబ్దములలో ఇక్కడ టన్ను రాతికి 40 గ్రాములకు పైగా బంగారము దొరకినదట. లోతునకు పోయినకొలది అది తగ్గి, తుదకు 3, 4 గ్రాములకు దిగినది. ఖర్చు రాబడిని మించుటచేతనే గనులు మూతపడినవి. కాసు అనగా 8 గ్రాములు. నేను కోరిన 10 కాసులు 80 గ్రాములు. కడపటి నాటి లెక్కన చూచినచో, అందులకు తక్కువలో తక్కువ 20 టన్నుల రాతిని ఎవరో మూడు కిలోమీటర్ల లోతునుండి పైకి తేవలెను. మిగిలిన 20 టన్నుల పిండియు ఎవరియింటి ముంగిటనో దిబ్బయై నిలువవలెను. అంగడిలో కంసాలి త్రాసు గింజయెత్తు తేడాను పట్టుకొనును గాని, ఈ బరువును చూపదు.

మధ్యాహ్నము ఊరికి సమీపముననున్న కమ్మసంద్రము పోయి, కోటిలింగేశ్వరుని దర్శించితిమి. 108 అడుగుల శివలింగమును, 35 అడుగుల నందియు, చుట్టును భక్తులు ప్రతిష్ఠించిన లెక్కలేనన్ని లింగములును చూడదగినవి. చెట్టునీడను పులిహోర తింటిమి. అత్తగారు తెచ్చుకొనిన చిన్న పొట్లములో ఆ మొండిగోడ మట్టి చిటికెడుండెను. దానిని కోవెల చెట్టు మొదట చల్లి, చేతులు దులుపుకొని, "ఇంక పోదాం" అనిరి. సాయంకాలము బంగారపేటలో పిల్లలు అక్కడి పేరుపొందిన పానీపూరి తినిరి. నీరు తేటగా మంచినీటివలె నుండును గాని, నోటబెట్టగనే కంట నీరు తెప్పించును. అత్తగారు కూడ ఒకటి రుచిచూచి నవ్విరి. ఆనాడు ఆమె నవ్వుట అదియే మొదలు.

ఈ ఊరు చూడగోరు సోదరీమణులకు కొన్ని సూచనలు:

కార్తికమునుండి మాఘమువరకు వాతావరణము హాయిగా నుండును. బెంగుళూరు, కుప్పము, కోలారులనుండి ఒక్క దినములో పోయిరావచ్చును. మంచినీరు వెంట తీసికొనిపోవలెను. మూసిన గనిబావుల కంచెలు దాటరాదు. క్రింద నేల బోలుగా నుండు తావులు కలవు. పిల్లలు ఎంత మారాము చేసినను సైనైడు దిబ్బలెక్కనీయరాదు. గాలి వీచునపుడు ముక్కునకు గుడ్డ అడ్డము పెట్టుకొనవలెను. ఆయాసపు వ్యాధి గలవారు ఆ చాయలకు పోకుండుటయే మేలు. లైనులలోని ఇండ్లు చూడవలెనన్నచో, అడుగకుండ ఫొటోలు తీయరాదు. అది ప్రదర్శనశాల కాదు, కాపురములున్న చోటు. ఒక వృద్ధురాలి ప్రక్క పదినిముషములు కూర్చుండినచో, ఏ పుస్తకమును చెప్పని సంగతులు ఆమె చెప్పును.

మరియొక మాట. మన ప్రాంతముననే, కుప్పమునకు చేరువనున్న చిగురుగుంట, బిసానత్తము గనులును ఈ రాతిపట్టీలోనివే. కనుక ఈ కథ పొరుగు రాష్ట్రమువారి కథ మాత్రమే యని అనుకొనరాదు.

ఇంతకును బంగారపు సంగతి యేమైనదని మీరు అడుగుదురు. ఇంటికి వచ్చిన మరునాడు మా వారు తాకట్టు పత్రములను బీరువాలో మరల పెట్టివేసిరి. నేను చూచి ఊరకుంటిని. పెండ్లివారింటికి పోయి, ఉన్న 15 కాసులే పెట్టగలమని చెప్పివచ్చితిమి. వియ్యపురాలు, "మేమేమైనా అడిగినామా వదినా?" అనిరి. అంత సులువైన మాటను వినుటకు నేను ఇన్ని నెలలు ఎందుకు భయపడితినో నాకే తెలియలేదు. నా మనస్సు పూర్తిగా మారినదని చెప్పుకొనను. నిన్న అంగడి వీథిన పోవుచుండగా అద్దాల వెనుకనున్న కాసులపేరుపై నా చూపు నిలిచినమాట నిజమే. కాని వెంటనే గూటిలోనుండి గిన్నెలు దొర్లిన చప్పుడు నా చెవిలో వినబడినది.

పెద్దమ్మాయి తన నానమ్మను ఒక్కటే కోరినది. మంగళసూత్రమునకు పసుపు పూయు వేళ, అమ్మమ్మలు, పేరంటాండ్రు ఎందరున్నను, మొదటి పసుపు నానమ్మయే తన చేతితో పూయవలెనట. విధవరాలు పూయరాదని ఎవరైన అందురేమోయని అత్తగారు వెనుకాడిరి. "అనేవాళ్లను నేను చూసుకొంటానత్తా" అని నేను చెప్పితిని. ఆ పని మాత్రము తప్పక జరుగును.